బండి కింద చెయ్యి

మా మామగారు నన్ను ‘అల్లుడు గారూ’ అంటారు. పెళ్లయిన నాటినుంచీ అంతే. ‘అల్లుడు గారూ, భోంచేశారా?’, ‘చలిగా ఉంది అల్లుడు గారూ, లోపల కూర్చోండి’. మా తోడల్లుడు తేసాన్ ఈ ఇంట్లో కాలు పెట్టి నిండా రెండేళ్లు కాలేదు. వాణ్ణి మాత్రం ‘ఒరేయ్ తేసాన్, ఆ చెప్పులు ఇటు పారెయ్’ అంటారు. ‘వెధవా, కుక్కకి నీళ్లు పెట్టావా లేదా’ అంటారు. వాడు పళ్లికిలించుకుంటూ పరిగెత్తి పెడతాడు. మర్యాద ఎక్కువైందని కుళ్లుకునే మగాణ్ణి మిమ్మల్నే చూశాను అంటుంది మా ఆవిడ మియోన్. తనకేం తెలుసు? గారూ అనేది ఇంటికొచ్చిన చుట్టాన్ని. ఒరేయ్ అనేది కన్నకొడుకుని. మామగారికి కొడుకులు లేరు, ఉన్నది ఇద్దరు ఆడపిల్లలు, మేమిద్దరు అల్లుళ్లం.

ఆయన పేరు ప్యో గిల్సాంగ్. మా పోచన్ ఊరి గ్రానైట్ మీద జీవితమంతా సమాధి రాళ్లు చెక్కారు. పని మానేశాక పగిలినవీ, కొలత తప్పినవీ, ఎవరూ తీసుకోనివీ పెరట్లో గుట్టగా మిగిలిపోయాయి. ఒకరోజు నేను ఆ గుట్ట మీద నా రిమోట్ బండి నడిపాను. అరచేతిలో పట్టేంత బండి. పరిగెత్తదు, పాకుతుంది. రాళ్లెక్కడం తప్ప దానికింకో పని లేదు. మామగారు గుమ్మంలో నిలబడి చూశారు. మర్నాడు క్రేన్ తెప్పించి రాళ్లన్నీ బండి ఎక్కేలా, పడేలా, మళ్లీ ఎక్కేలా సర్దించారు. ఇప్పుడు ఆదివారమైతే సియోల్ నుంచి కూడా జనం బళ్లు డబ్బాల్లో పెట్టుకుని వస్తారు. ఇదంతా నా వల్ల మొదలైంది. ఆ మాట ఎవరూ అనరు కాబట్టి నేనే అంటున్నాను.

మా పెరట్లో ఒక పద్ధతి ఉంది. ఏ రాయి మీదికైనా చెయ్యి తగలకుండా బండిని మొదట ఎక్కించినవాడే దానికి పేరు పెట్టాలి. ఆ పేరు మామగారు ఉలితో రాయి మీద చెక్కుతారు. ‘అత్తగారి మోకాలు’ అని ఒకటుంది. ‘జీతం రాని నెల’, ‘మూడో గ్లాసు’ అని ఇంకో రెండు పక్కపక్కనే ఉన్నాయి. నాదీ ఒకటుంది, చిన్నది. ఆ రోజు అందరూ చుట్టూ నిలబడి పేరేంటి పేరేంటి అని తొందరపెడితే ఏమీ తోచక ‘మంచి రాయి’ అన్నాను. కొత్తగా వచ్చినవాళ్లు ఇప్పటికీ అది చదివి నవ్వుతారు.

పేరు లేనిది ఒక్కటే మిగిలింది. గోడ పక్కన, నా నడుమంత ఎత్తు పలక. ఎవరి సమాధి కోసమో చీలుస్తుంటే వంకరగా చీలింది. చీల్చడానికి వేసిన బెజ్జాల్లో సగాలు దాని ఎడమ అంచున కింది నుంచి పైదాకా వరసగా ఉండిపోయాయి. బండి ఎక్కాలంటే చక్రాన్ని ఒక బెజ్జంలోంచి ఇంకో బెజ్జంలోకి మార్చుకుంటూ పోవాలి, వేరే దారి లేదు. ఎవరి బండీ ఎక్కలేదు.

సుత్తి పని చేసి చేసి మామగారి వేళ్లు చలి తగిలితే తెల్లగా పాలిపోతాయి, సూప్ స్పూను పట్టినా వణుకుతాయి. వసంతంలో ఒకరోజు మక్గల్లి బియ్యపు కల్లు గిన్నె రెండు చేతులతో పట్టుకుని తాగుతూ, “ఇంకొక్క పేరు చెక్కుతాను. ఆ పలకది. తరవాత ఉలి పక్కన పెట్టేస్తాను,” అన్నారు. ఆ క్షణమే నేను పేరు నిర్ణయించుకున్నాను. ఎవరికీ చెప్పలేదు, మియోన్‌కి కూడా. ‘పెద్దకొడుకు’. ఆయన నోటితో అనకపోతే పోయె, చేత్తోనైనా చెక్కి తీరాలి.

నాకు లేత్ షాపుంది. ఇత్తడి నేను ఎలా చెబితే అలా వింటుంది. ఇరుసులు ఇత్తడితో చేశాను, చక్రాల మధ్య భాగం కూడా ఇత్తడే. పైన బాడీ ఉత్త డొల్ల. బరువంతా కిందే ఉంటే బండి రాయిని కరుచుకుని ఉంటుంది. వెనక్కి తిరగబడకుండా పొడవు కూడా బొటనవేలంత పెంచాను. ఇక్కడ ఒకటి కూడబెడితే అక్కడ ఒకటి పోతుందని నాకు తెలియక కాదు. బరువు పెరిగితే మోటారు మూలుగుతుంది, గేర్లు అరుగుతాయి. పొడవు పెరిగితే పొట్ట రాతి అంచుకు తట్టుకుంటుంది. అయినా పడిపోవడం కంటే మూలగడం మేలు అనుకున్నాను.

తేసాన్ పళ్లు చేస్తాడు. ఉయిజాంగ్‌బూలో ల్యాబు ఉంది, డాక్టర్లు దవడ అచ్చులు పంపితే కట్టుడు పళ్లు చేసి పంపుతాడు. వాడి బండి చేతిలోకి తీసుకుంటే ఏమీ పట్టుకున్నట్టే ఉండదు. పొట్టిది. ఛాసిస్ అంతా కోసేసి బెజ్జాలు పెట్టాడు. బ్యాటరీ ముందు ఇరుసు మీదికి జరిపాడు. దాని పక్కన వేలెడు ఇత్తడి ముక్క, మొత్తం బండికి అదొక్కటే బరువు. ఆ ముక్క నా తుక్కు డబ్బాలోంచి అడిగి తీసుకెళ్లిందే. నేనే ఇచ్చాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

పోయిన శరదృతువులో ఒక ఆదివారం మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని తింటున్నాం. మియోన్, తన చెల్లెలు సోల్‌హీ వేడివేడిగా ఉల్లికాడల అట్లు వేసి తెస్తున్నారు.

“అన్నా, నీ బండి ఎక్కితే రాయికే భయం వేస్తుంది. కానీ అంత బరువు పైకి మొయ్యాలి కదా, నీ మోటారేమో గోళీ అంత,” అన్నాడు తేసాన్ నోటినిండా అట్టు పెట్టుకుని.

“బరువు కింద ఉంటే పడదు. నీది ఎవరైనా తుమ్మితే పడుతుంది.”

“పడుతుంది. తేలిక కాబట్టి పడ్డా విరగదు, మళ్లీ లేస్తుంది. నీది పడితే రాయన్నా విరగాలి, బండన్నా విరగాలి.”

సోల్‌హీ కిసుక్కున నవ్వింది. నేను ఇంకో కిమ్చీ ముక్క నోట్లో పెట్టుకున్నాను.

“ఒరేయ్, ఆ టైరు ఎలా చేశావో చెప్పు,” అన్నారు మామగారు వాడితో.

“దవడ అచ్చుకి వాడే సిలికానే మామయ్యా. అసలు కిటుకు లోపలి స్పాంజిలో ఉంది. అంతా మెత్తగా పెడితే పక్క వాలులో టైరు మడతపడి బండి దొర్లిపోతుంది. అంతా గట్టిగా పెడితే రాయిని పట్టుకోదు. అందుకని మధ్యలో గట్టిది, అంచుల్లో మెత్తది పెట్టాను.”

మామగారు వణికే వేళ్లతో ఆ టైరు నొక్కి చూశారు. మళ్లీ నొక్కారు. “చిగురులా ఉందిరా వెధవా,” అన్నారు. ఆ గొంతులో ముద్దు వినపడింది. నాదీ అందించాను. అరచేతిలో బరువు చూసి, “చాలా బాగుందండీ అల్లుడు గారూ, గట్టి పని,” అని జాగ్రత్తగా పీట మీద పెట్టి, చెయ్యి తుడుచుకున్నారు. చుట్టాలింట్లో గాజు గ్లాసు పట్టుకున్నప్పుడు నేనూ అలాగే పెడతాను. చేతిలో అట్టు పక్కన పెట్టేశాను.

“ఇవాళ ఆ పలక సంగతి తేల్చేద్దాం,” అన్నాను.

మా పెరట్లో ఇంకో పద్ధతి, దోసిలి పట్టడం. గ్రానైట్ మీంచి పడితే ఇంత చిన్న బండి పప్పయిపోతుంది. అందుకని ఒకడు బండి నడుపుతుంటే ఇంకొకడు రాయి ముందు మోకాళ్ల మీద కూర్చుని బండి కింద దోసిలి పడతాడు. బండితోపాటే దోసిలీ పైకి జరుగుతుంది, కానీ ఎప్పుడూ జానెడు కిందే ఉండాలి. బండి జారి చేతిని తాకితే దోసిలి పట్టినవాడు ‘చెయ్యి’ అంటాడు, ఆట అయిపోయినట్టు. వాడి మాటే చివరి మాట. బండికీ రాయికీ మధ్య ఏం జరిగిందో అంత దగ్గరగా ఇంకెవరికీ కనపడదు.

పెద్దవాణ్ణి కాబట్టి నేను ముందు. తేసాన్ దోసిలి పట్టాడు. నా బండి మొదటి బెజ్జంలో చక్రం పెట్టి రాయిని కరుచుకుంది. రెండోది, మూడోది. సియోల్ నుంచి వచ్చినవాళ్లు ఫోన్లు తీశారు. మోటారు మూలుగు నా చెవులకు పాటలా ఉంది. పైఅంచు ఇంక జానెడు దూరంలో ఉండగా పొట్ట బెజ్జం అంచుకు తట్టుకుంది. ఆ బొటనవేలంత పొడవే తట్టుకుంది. వెనక్కి తీసి సరిచేసుకోవాల్సింది, ఓపిక పట్టలేక ముందుకే నొక్కాను. లోపల టక్‌మని గేరు పన్ను విరిగింది. చక్రాలు ఆగిపోయాయి, నా బండి నెమ్మదిగా జారి వాడి దోసిట్లో పడింది.

“చెయ్యి, అన్నా,” అన్నాడు వాడు, వినపడీ వినపడకుండా. తరవాత దాన్ని రెండు చేతుల మధ్య పెట్టుకుని, “పాపం, మోటారు కాలిపోతోంది,” అని ఉఫ్ ఉఫ్ అని ఊదాడు. నవ్వినా బాగుండేది. ఆ జాలి చూస్తే వాడి పీక పిసకాలనిపించింది.

“పర్వాలేదండీ అల్లుడు గారూ. చాలా దూరం వెళ్లింది,” అన్నారు మామగారు. అదే తేసాన్ బండి అయితే ‘ఆ తొందరేంట్రా దున్నపోతా’ అని ఉండేవారు. నా తప్పు తిట్టడానికి కూడా పనికిరాదన్నమాట.

ఇక వాడి వంతు. దోసిలి పట్టడానికి నేను కూర్చున్నాను. వాడి బండి ఎక్కే పద్ధతే వేరు. కరుచుకోదు, గెంతుతుంది. రెండో బెజ్జం దగ్గర పక్కకు ఒరిగి ఒక వైపు చక్రాలు గాల్లోకి లేచాయి, పడిందనుకున్నాను, తేలిక కదా, గుండ్రంగా తిరిగి మళ్లీ నిలబడింది. పొట్టిది కాబట్టి నా బండి తట్టుకున్న చోట ఆగనేలేదు. చివరి బెజ్జానికి వచ్చేసింది. ముందు చక్రం ఒకటి పైఅంచును పట్టుకుంది. వెనక చక్రం పట్టు దొరక్క గాలిలో తిరుగుతోంది. తేసాన్ రిమోట్ మీంచి వేలు తీసేశాడు. బండి వేలాడుతోంది.

అప్పుడు నేను పక్కకు చూశాను. చూడకపోతే పోయేది. మామగారు షెడ్డులోంచి ఉలి తెచ్చుకున్నారు. నూనె రాసి, మెత్తటి గుడ్డలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నా ఆటప్పుడు ఆ ఉలి షెడ్డులోనే ఉంది.

నా చెయ్యి పైకి లేచింది. తెలియకుండా లేవలేదు. వెనక చక్రానికి తగిలించి, ‘చెయ్యి, జారింది’ అనేద్దామని నేనే లేపాను. నా చూపుడు వేలు ఆ టైరుకి తగిలింది. సరిగ్గా ఆ క్షణాన తేసాన్ వేలు నొక్కాడు. ఆ చిగురులాంటి సిలికాను నా వేలి చర్మాన్ని పట్టుకుంది, నా వేలిని మెట్టు చేసుకుంది, ఒక్క ఉదుటున బండి అంచు దాటి పలక మీద నిలబడింది.

పెరడంతా కేకలు. సోల్‌హీ మొగుణ్ణి వాటేసుకుంది. వాడు రిమోట్ మెడకు వేలాడేసుకుని పిచ్చివాడిలా గంతులేస్తున్నాడు. నేను మోకాళ్ల మీద అలాగే ఉండిపోయాను, వేలి మీద నల్లటి టైరు మచ్చతో. పడుతుందో ఎక్కుతుందో తెలియని బండిని నా కుళ్లే ఎక్కించింది.

“ఏం పేరురా?” అని మామగారు లేచారు.

“ఇంకా ఆలోచించలేదు మామయ్యా. ఎక్కుతుందని అనుకోలేదు,” అన్నాడు తేసాన్.

నేను నెలల తరబడి ఒక పేరు నోట్లో పెట్టుకుని తిరుగుతుంటే వీడికి పేరే లేదు. నోరు విప్పుదామనుకున్నాను. విప్పితే ఏమంటారో తెలుసు, ఓడిపోయి ఏడుస్తున్నాడంటారు. నిజమే చెప్పినా అబద్ధంలా వినపడే చోట ఇరుక్కున్నాను. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఊరుకుందామనే అనుకున్నాను.

మామగారు పలక దగ్గరికి వచ్చి సుత్తితో చిన్నగా తట్టి, చెవి ఆనించి విన్నారు. చెక్కే ముందు ఎప్పుడూ అలాగే చేస్తారు. కంటికి కనపడని పగులున్నా శబ్దంలో తెలుస్తుందట. పగులున్న రాయి మీద ఆయన ఎన్నడూ ఎవరి పేరూ చెక్కలేదు. ఇంకోసారి తట్టారు. వేళ్లు తెల్లగా ఉన్నాయి, సుత్తి వణుకుతోంది. “రాయి బాగుంది,” అన్నారు.

“చెయ్యి,” అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు.

“బావా, బాగోదు. ఆయన గెలిచాక ఇప్పుడా చెప్పేది?” అంది సోల్‌హీ.

“ఏవండీ, ఊరుకోండి,” అంది మియోన్ పళ్ల బిగువున. “నా పరువు తియ్యకండి.”

“నాకు కనపడలేదన్నా,” అన్నాడు తేసాన్. మొహంలో రంగు పోయింది. “జారి నీ చేతికి తగిలి ఉంటుంది. నువ్వన్నాక అంతే. దోసిలి నీదే కదా.”

మామగారు సుత్తి దించారు. “అల్లుడు గారూ,” అన్నారు. “బండి చేతి మీదికి వచ్చిందా, చెయ్యి బండి మీదికి వెళ్లిందా?”

బండే వచ్చిందంటే సరిపోయేది. వాడి ఆట పోయేది, పలక నాకు మిగిలేది, పద్ధతి ప్రకారం నా మాటే చివరి మాట. ఆయన మాత్రం నా మొహం చూడటం లేదు. తల పక్కకు వంచి, ఇందాక రాయిని విన్నట్టే నన్నూ వింటున్నారు.

“చెయ్యే వెళ్లింది,” అన్నాను.

“ఎందుకు?”

“వాడు ఎక్కకూడదని. పడగొడదామనే పెట్టాను. వాడు దాని మీద ఎక్కేశాడు.”

వెనక సియోల్ వాళ్లలో ఎవరో నవ్వబోయి దగ్గినట్టు చేశారు. మామగారు వచ్చి నా చెయ్యి లాక్కుని వేలి మీది నల్లమచ్చ చూశారు. వేలు వదిలేసి నా నెత్తి మీద ఒక్కటిచ్చారు.

“ఒరేయ్ చాంగూ.”

నా పేరు ఆయనకు గుర్తుందని కూడా నాకు తెలియదు.

“బుద్ధుందట్రా నీకు, గాడిదా? దోసిలి పట్టమంటే మెట్టు పెడతావా? తల నెరుస్తోంది, తమ్ముడు లాంటివాడి మీద ఏంట్రా ఈ ఏడుపు? ఇందాక కూడా అంతే. పొట్ట తట్టుకున్నప్పుడు వెనక్కి తియ్యాలని తెలియదూ? ముందుకే నొక్కుతావా? ఆ గేరు కూడా నీ నెత్తిలా గట్టిదనుకున్నావా? సిగ్గులేని వెధవ.”

తల వంచుకుని నిలబడ్డాను. సిగ్గేసింది, అబద్ధం చెప్పను, పెళ్లాం ముందు, మరదలి ముందు, బయటివాళ్ల ముందు తల కొట్టేసినట్టయింది. కానీ ఆయన కాస్త ఊపిరి తీసుకోవడానికి ఆగితే, అప్పుడే అయిపోయిందా అనిపించింది. ఇందాకటి నా ఆటని కూడా ఆయన చూశారు, మనసులో తిట్టుకున్నారు, దాచుకున్నారు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మియోన్ అవి చూసి ఇంకోలా అనుకుని తల తిప్పేసుకుంది.

“ఇంకా నిలబడ్డావేంరా? కూర్చో. దోసిలి పట్టు. ఈసారి ఆ చెయ్యి లేచిందంటే విరగ్గొడతాను.” నేను కూర్చున్నాను. ఆయన తేసాన్ వైపు తిరిగి, గొంతు తగ్గించి, కొంచెం నడుం వంచారు. “మీరు మళ్లీ మొదలుపెట్టండి, అల్లుడు గారూ. మావాడు చేసిన పనికి ఏమీ అనుకోకండి.”

మావాడు అన్నారు.

తేసాన్ నన్ను చూశాడు, ఆయన్ని చూశాడు. పళ్లికిలించబోయి మానేశాడు. బండిని పలక కింద పెట్టి మొదలుపెట్టాడు. మొదటి బెజ్జం దాటింది. రెండో బెజ్జం దగ్గర, ఇందాక గుండ్రంగా తిరిగి నిలబడిన చోటే, వాడి వేలు ఆలస్యమైంది. బండి ఒరిగి, తేలిగ్గా, చప్పుడు లేకుండా నా దోసిట్లో పడింది.

“చెయ్యి,” అన్నాను.

ఇంకోసారి ప్రయత్నించాడు, ఇంకా కిందే పడింది. మామగారు ఉలిని మళ్లీ గుడ్డలో చుట్టి షెడ్డులో పెట్టేశారు. పలకకి పేరు లేకుండానే ఆ రోజు గడిచింది. జనం డబ్బాలు సర్దుకుంటున్నారు, కొండ మీంచి గాలి మొదలైంది. “ఒరేయ్ చాంగూ, చీపురు ఎక్కడ తగలేశావ్?” అని షెడ్డులోంచి వినపడింది. చీపురు నేనెప్పుడూ ముట్టుకోలేదు, ఆ ఇంట్లో నన్నెవరూ ముట్టుకోనివ్వలేదు. “వస్తున్నా మామయ్యా,” అని లేచాను.

తేసాన్ మెట్ల మీద బండి ఒళ్లో పెట్టుకుని, నేను ఇచ్చిన ఇత్తడి ముక్కని గోటితో గీకుతూ కూర్చున్నాడు. ఆ మొహం నాకు బాగా తెలుసు. పెళ్లయిన నాటినుంచీ అద్దంలో చూస్తున్నదే.

“నన్ను గారూ అన్నారేంటన్నా?” అన్నాడు.

“చలిగా ఉంది తమ్ముడూ,” అన్నాను. “లోపల కూర్చో.”